కర్నూలు నుంచి సైన్స్ వింత వార్తల మీద కామెడీ పాడ్‌కాస్ట్: నిజం చెడకుండా నవ్వించడం ఎలా?

బురుజు_సెంటర్ (కర్నూలు):

అందరికీ నమస్తే. మేం ముగ్గురం ఫ్రెండ్స్ కలిసి ఒక పాడ్‌కాస్ట్ చేస్తున్నాం. ఒకడు పెళ్లిళ్లలో, కాలేజీ ఫంక్షన్లలో మిమిక్రీ చేస్తాడు, ఒకామె బైపీసీ పిల్లలకు జువాలజీ ట్యూషన్ చెప్తుంది, నేను వీడియోలు ఎడిట్ చేస్తాను. పేపర్లోనో ఫోన్లోనో కనిపించే వింత సైన్స్ వార్తలు రెండు మూడు తీసుకుని, కూర్చుని కబుర్లు చెప్పుకున్నట్టు మాట్లాడతాం. బి క్యాంపులో మేడమీద గది, మాట మారుమోగకుండా గోడలకు పాత బొంతలు కట్టాం, రికార్డింగ్ అయ్యేదాకా ఫ్యాన్ ఆపేస్తాం. ఆ కష్టం గురించి కాదు ఈ పోస్టు.

గొడవ ఎక్కడంటే, 2022లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీ వాళ్ల వార్త ఒకటి తీసుకున్నాం. చచ్చిన సాలెపురుగు ఒంట్లోకి సూది గుచ్చి గాలి పంపితే కాళ్లు తెరుచుకుంటాయి, గాలి తీసేస్తే ముడుచుకుంటాయి, అట్లా దాన్ని చిన్న చిన్న వస్తువులు పట్టి ఎత్తే కొక్కెంలాగా వాడారు. 2023లో దీనికి ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి కూడా వచ్చింది. మిమిక్రీ వాడేమో "చచ్చిన సాలెపురుగును బతికించారంట" అని మొదలుపెడదాం, అప్పుడే జనం ఆగి వింటారు అంటాడు. ట్యూషన్ ఆమె ఒప్పుకోదు. బతికించలేదు కదా, అదొక పరికరం మాత్రమే, నేనున్న చోట ఆ మాట పోనివ్వను అంటుంది. ఇద్దరి మధ్య నేను. ఆమె చెప్పేదే కరెక్టని నాకు తెలుసు, కానీ ఆమె చెప్పినట్టు చెప్తే క్లాసు విన్నట్టు ఉంటుంది, వాడు చెప్పినట్టు చెప్తే నవ్వొస్తుంది. ప్రతి వార్తకూ ఇదే తంతు.

ఇంకో రెండు అడగాలి. మేం మాట్లాడేది మామూలు కర్నూలు మాట. "సైన్స్ చెప్తూ ఈ భాషేంది, కొంచెం పద్ధతిగా మాట్లాడొచ్చు కదా" అని ఒకరు కామెంట్ పెట్టారు. మార్చుకోవాలా? రెండోది, ఎంతసేపూ అమెరికా, జపాన్ వార్తలేనా, మన వైపు చెప్పుకోదగ్గవి ఏమున్నాయి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

అనంత_ఫిజిక్స్ (అనంతపురం):

ముందు మీ ట్యూషన్ ఆమెకు నా ఓటు. నేను డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను, క్లాసులో నవ్వు లేకపోతే మధ్యాహ్నం పూట ఎవరూ కళ్లు తెరిచి ఉండరు, కాబట్టి నవ్వు విలువ నాకు తెలుసు. కానీ మీ మిమిక్రీ మిత్రుడు అసలు నవ్వును వదిలేసి, చేతికందిన అబద్ధం వెనక పడుతున్నాడు.

ఆ సాలెపురుగు సంగతే తీసుకోండి. మన మోచెయ్యి ముడవడానికి ఒక కండరం, చాచడానికి ఇంకొకటి ఉంటాయి. సాలెపురుగు కాళ్లలో ముఖ్యమైన కీళ్ల దగ్గర ముడిచే కండరం ఉంది కానీ చాచే కండరం లేదు. చాచాలంటే ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి నెట్టాల్సిందే, జేసీబీ చెయ్యి ఆయిల్ ప్రెజర్ మీద లేచినట్టు. ప్రాణం పోగానే ఆ ఒత్తిడి పోతుంది, ముడిచే కండరం గెలుస్తుంది, ఎనిమిది కాళ్లూ లోపలికి వచ్చేస్తాయి. ఇల్లు ఊడ్చేటప్పుడు మూలన దొరికే చచ్చిన సాలెపురుగులన్నీ ఎందుకు కాళ్లు ముడుచుకునే ఉంటాయో మనం ఎప్పుడైనా అడిగామా? ఆ ల్యాబులో ఒకామె అడిగింది, అక్కడే మొదలైంది పరిశోధన. ఆ చచ్చిన సాలెపురుగు తన బరువు కన్నా ఎక్కువ బరువును ఎత్తింది కూడా. మీ మిమిక్రీ మిత్రుడిని ఒక్క ప్రశ్న వేసుకోమనండి: చీపురు కట్ట పట్టుకుని నిలబడ్డ మనిషికి, పక్కన ఇంకొకరు "ఆగు, పారెయ్యకు, దాంతో పని ఉంది" అంటే ఎలా ఉంటుంది? సన్నివేశం అంతా అందులోనే ఉంది. బతికించాల్సిన అవసరం లేదు.

ఇగ్ నోబెల్ ప్రస్తావన మీరే తెచ్చారు కాబట్టి రెండు మాటలు. 1991 నుంచి అమెరికాలో ఇస్తున్నారు, మొదట నవ్వించి ఆ తర్వాత ఆలోచింపజేసే పనులకు. మీ పాడ్‌కాస్టుకు అది తరగని గని. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆండ్రే గైమ్ అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త కప్ప. నెదర్లాండ్స్‌లో ఆయన బతికున్న కప్పను బలమైన అయస్కాంతం మధ్యలో గాల్లో తేలించాడు. కప్ప ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే, నీళ్లను అయస్కాంతం చాలా కొంచెం వెనక్కి నెడుతుంది, ఆ కొంచెమే కప్ప బరువును మోయాలంటే 16 టెస్లాల క్షేత్రం కావాల్సొచ్చింది, టెస్లా అంటే అయస్కాంత బలాన్ని కొలిచే కొలమానం. మన స్కానింగ్ సెంటర్లలో ఉండే ఎం.ఆర్.ఐ. మెషీను మామూలుగా 1.5 టెస్లాలు. 2000లో ఆయనకు, మైకేల్ బెర్రీకి కలిపి ఇగ్ నోబెల్ ఇచ్చారు. అదే గైమ్‌కు 2010లో గ్రాఫీన్ (ఒక్క అణువు మందం ఉన్న కార్బన్ పొర) మీద పనికి అసలు నోబెల్ వచ్చింది, నొవొసెలోవ్‌తో కలిపి. పెన్సిల్ గ్రాఫైటుకు సెల్లోటేపు అంటించి పొర తర్వాత పొర పీకిన పని అది. కప్పను తేలించిన బుర్రే టేపుతో పీకింది.

మన దేశం వాళ్లకు వచ్చినవి చెప్పండి, జనం ఇంకా దగ్గరగా వింటారు. మన వైపు నుంచి బస్సెక్కి వెళ్తామే, ఆ బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి డాక్టర్లు ఇద్దరికి 2001లో వచ్చింది. నాలుగు స్కూళ్లలో 200 మంది పిల్లలను ముక్కులో వేలు పెట్టుకునే అలవాటు గురించి అడిగారు, దాదాపు అందరూ పెట్టుకుంటామనే చెప్పారు. వినగానే నవ్వొస్తుంది కానీ వాళ్లు సైకియాట్రిస్టులు, మామూలు అలవాటు ఎక్కడ ఆగి జబ్బు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే మామూలుగా ఎంతమంది ఎన్నిసార్లు చేస్తారో ముందు తెలియాలి కదా. 2002లో కేరళ అగ్రికల్చరల్ యూనివర్సిటీ వాళ్లకు, ఏనుగు చర్మం మొత్తం ఎన్ని చదరపు మీటర్లో లెక్కగట్టే పద్ధతి కనిపెట్టినందుకు. 2025లో ఢిల్లీ వైపు ఇద్దరికి, కంపు కొట్టే బూట్లకూ బూట్ల స్టాండుకూ ఉన్న సంబంధం మీద. హాస్టల్లో ఉన్న ప్రతివాడికీ అది సొంత విషయం.

ఒక్క జాగ్రత్త. వార్త చదివి మైకు ముందు కూర్చోకండి, ఆ వార్త ఏ పేపర్ గురించో వెతికి కనీసం మొదటి పేరా చూడండి. ఎంతమంది మీద చేశారు, మనుషుల మీదా ఎలుకల మీదా, పోల్చడానికి ఇంకో గుంపు ఉందా. 2015లో జాన్ బొహానన్ అనే జర్నలిస్టు కావాలనే ఒక నాసిరకం ప్రయోగం చేశాడు. పదిహేను మంది, మూడు వారాలు, ఒక్కొక్కరి మీద 18 రకాల కొలతలు. అన్ని కొలిస్తే ఏదో ఒకటి కాకతాళీయంగా తేడా చూపిస్తుంది, చూపించింది. చాక్లెట్ తింటే బరువు త్వరగా తగ్గుతారని ప్రకటన విడుదల చేస్తే చాలా దేశాల పత్రికలు అచ్చేశాయి. ఫోన్ చేసి "ఎంతమంది మీద చేశారు సార్" అని గట్టిగా అడిగినవాళ్లు లేరు. మీ ముగ్గురిలో ఆ ప్రశ్న అడిగే మనిషి ఉంది. ఆమెను పోగొట్టుకోకండి.

పొద్దుటూరు_స్టేజీ (ప్రొద్దుటూరు):

నేను మీ మిమిక్రీ తమ్ముడి తరఫున మాట్లాడతా, ఎందుకంటే నాదీ అదే వృత్తి. తమ్ముడి భయం నాకర్థమైంది. స్టేజీ ఎక్కినాక మొదటి నిమిషంలో నవ్వు రాకపోతే ఒళ్లంతా చెమటలు పడతాయి, ఆ టెన్షన్‌లో నోటికొచ్చింది అనేస్తాం. కానీ తమ్ముడూ, పాడ్‌కాస్ట్ స్టేజీ కాదు. వినేవాడు ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒంటరిగా ఉంటాడు, నీకు చప్పట్లు వినిపించవు, కాబట్టి తొందర అక్కర్లేదు.

టెక్నిక్ చెప్తా. విషయాన్ని పెంచితే కామెడీ కాదు, విషయం విన్న మనిషి పెంచాలి. సైన్స్ చెప్పేవాళ్లు ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాలి, వినేవాడు మన పక్కింటి మనిషిలాగా స్పందించాలి. జపాన్ ఆవుల వార్త ఉంది కదా, 2025లో ఇగ్ నోబెల్ వచ్చింది, నల్ల ఆవులకు తెల్ల రంగుతో జీబ్రా చారలు గీస్తే కుట్టే ఈగలు సుమారు సగానికి తగ్గినాయని. అది మా ట్రూప్ పిల్లలకు ఇట్లా చేసి చూపించాను:

"జపానోళ్లు ఆవుకు చారలు గీసినారంట."
"ఎందుకప్పా, దాని పెండ్లా?"
"ఈగలు కుట్టకుండా. చారలుంటే సగమే వాలినాయంట."
"మా నాయన తువ్వాలుతో తోలితే అన్నీ పోతాయి గదా."
"మీ నాయన పగలంతా తోల్తానే ఉంటాడా?"
"...యాడ, పది నిమిషాలకే కునుకు తీస్తాడు."
"అందుకే చారలు."

చూడండి, ఇందులో ఒక్క తప్పు లేదు. ఇప్పుడు ఇదే చోట "మిగతా సగం ఈగలకు కళ్లు కనపడవంట" అని నేనంటే నవ్వొస్తుంది, కానీ వినేవాడు అది కూడా వాళ్లు కనిపెట్టిందే అనుకుంటాడు. ఆ లైను కోసెయ్యాలి. ఎంత బాగున్నా కోసెయ్యాలి. మా గురువు దగ్గర నేర్చుకున్న పనిలో సగం కోతే.

అనంత_ఫిజిక్స్ (అనంతపురం):

అన్నా, చాలా బాగుంది. కానీ ఆ ప్రయోగంలో అసలు రత్నం మీరు వదిలేశారు. వాళ్లు ఆవులకు తెల్ల చారలు మాత్రమే గీయలేదు, నల్ల ఆవుకు నల్ల రంగుతో కూడా చారలు గీశారు. పెయింట్ డబ్బా, బ్రష్ పట్టుకుని, కనపడని చారలు శ్రద్ధగా గీసిన మనిషిని ఒకసారి ఊహించుకోండి. ఎందుకు? ఈగలు పారిపోయింది చారలను చూసా, పెయింట్ వాసనకా అని తేల్చడానికి. నల్ల చారలకు ఈగలు తగ్గలేదు, కాబట్టి వాసన కాదు, కనపడే చారలే. ప్రయోగంలో కంట్రోల్, అదే పోల్చడానికి పెట్టుకునేది, అంటే ఏంటో నేను బోర్డు మీద ఎంతసేపు రాసినా దిగనిది, ఈ నల్ల ఆవు నల్ల చారలతో ఒక్క నిమిషంలో దిగుతుంది. పిల్లలు నవ్వుతారు, నవ్వాక "ఓహో" అంటారు. మీ పాడ్‌కాస్టులో ప్రతి వార్తకూ ఇట్లాంటి చోటు ఒకటి వెతకండి, సైంటిస్టు చేసిన పని పైకి పిచ్చిగా కనిపించి లోపల చాలా తెలివిగా ఉండే చోటు. పంచ్ అక్కడ పెట్టండి.

పొద్దుటూరు_స్టేజీ (ప్రొద్దుటూరు):

సార్ ఇది నాకు తెలీదు. "అప్పా, నల్లావుకు నల్లచారలు గీసి ఎవరికి చూపిస్తావు?" "ఈగకు." అయిపాయె, స్కిట్ ముగిసింది. దీన్ని మించిన పంచ్ నేను రాయలేను.

చిత్రావతి_గట్టు (ధర్మవరం):

మీరందరూ మాట్లాడుకునేది మా దగ్గర ఎప్పటి నుంచో ఉంది. మా ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు, మా పెద్దలు ఆటలు కూడా చూసినవాళ్లే, నేనూ చిన్నప్పుడు చూశాను. రామాయణం నడుస్తుంటుంది, గంభీరంగా పద్యాలు పోతుంటాయి, మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి పడతారు. ఊళ్లో సంగతులు, మొగుడూ పెళ్లాల తగాదాలు, పక్క ఊరి వాళ్ల మీద ఎకసెక్కాలు, అంతా మామూలు మాటలో. నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చుంటారు. ఆ తర్వాత వాళ్లు తప్పుకుంటారు, కథ ఆగిన చోట నుంచే సాగుతుంది. కేతిగాడు ఎంత అల్లరి చేసినా లంకను తెచ్చి కాశీలో పెట్టడు, హనుమంతుడు ఈదుకుంటూ పోయాడనడు. కథ జోలికి పోడు, కథ చూస్తున్న మనుషుల జోలికి పోతాడు. మీ ముగ్గురిలో కేతిగాడు ఎవరో, కథ నడిపేది ఎవరో ముందే అనుకోండి, ఒకే ఎపిసోడ్లో మార్చుకోకండి, వినేవాళ్లకు ఎవరి మాట నమ్మాలో తెలియాలి.

ఒక హెచ్చరిక కూడా. కేతిగాడి మాటల్లో కొన్ని పిల్లల ముందు అనలేనివి. రాత్రి ఆటలో చెల్లేవి, స్కూలు పిల్లలు వినే పాడ్‌కాస్టులో చెల్లవు.

బురుజు_సెంటర్ (కర్నూలు):

అన్నలకు, సార్లకు చాలా థ్యాంక్స్. నల్లావు నల్లచారలు చదివి మా ట్యూషన్ ఆమె ఆపకుండా నవ్వింది, ఆమె నవ్వడం మేం చూడటమే అరుదు. మిమిక్రీ వాడు కూడా కేతిగాడు తానే అని ఒప్పుకున్నాడు.

చిత్రావతి గారు పిల్లల సంగతి తెచ్చారు కాబట్టి అడుగుతున్నా. జంతువులు మూత్రం పోయడానికి ఎంతసేపు పడుతుందో కొలిచిన వార్త ఒకటి లిస్టులో ఉంది. ఇంట్లో అమ్మానాన్నలతో కలిసి వినేవాళ్లున్నారు, తీసుకోవచ్చా?

రేడియో_కడప (కడప):

తీసుకోవచ్చు, నేనైతే తీసుకుంటా. ఆకాశవాణిలో చాలాకాలం క్యాజువల్ అనౌన్సర్‌గా చేశాను. ఇబ్బంది విషయంలో ఉండదు, చెప్పే గొంతులో ఉంటుంది. కిసుక్కుమంటూ చెప్తే పెద్దవాళ్లు లేచి ఆపేస్తారు, ఆశ్చర్యంగా చెప్తే వాళ్లే దగ్గరికి జరుగుతారు. ఆ పరిశోధన అట్లాంటాలో జార్జియా టెక్ వాళ్లది, 2015లో ఇగ్ నోబెల్ వచ్చింది. మూడు కిలోలు దాటిన క్షీరదాలు, కుక్కయినా ఏనుగైనా, సుమారు 21 సెకన్లలో ముగిస్తాయి, 13 సెకన్లు అటూ ఇటూగా. ఏనుగు మూత్రాశయం ఎంత పెద్దదైనా దాని గొట్టం వెడల్పూ ఎక్కువ, పొడవూ ఎక్కువ, పొడవు పెరిగేకొద్దీ భూమి గుంజే బలం తోడై ధార వేగం పెరుగుతుంది, అందుకే టైము దాదాపు ఒకటే. మేడ మీద నీళ్ల ట్యాంకు నుంచి కిందింటి కొళాయికి వచ్చే ధారకూ పై అంతస్తు ధారకూ తేడా తెలియని ఇల్లు కర్నూల్లో లేదు. దాంతో మొదలుపెట్టి ఏనుగు దగ్గరికి రండి, ఎవరూ ముఖం చిట్లించరు.

భాష గురించి అడిగారు. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మార్చుకోవద్దు. మన సీమ మాటను తెర మీద ఎప్పుడు విన్నా కత్తి పట్టుకున్నవాడి నోట్లోనో, బాంబు విసిరేవాడి నోట్లోనో విన్నాం, లేదంటే పక్కవాడు నవ్వడానికి పెట్టిన పనివాడి నోట్లో. మన పిల్లలు హైదరాబాదు, బెంగళూరు వెళ్లగానే ముందు మార్చుకునేది మాటే, ఎందుకంటే ఆ మాటలో తెలివైన సంగతి ఎవరైనా చెప్పడం వాళ్లు వినలేదు. మీరు ఆ మాటలో అయస్కాంతం గురించి, సాలెపురుగు కీళ్ల గురించి చెప్తున్నారు. కామెంట్ పెట్టినాయన్ని ఏమీ అనొద్దు, ఆయనకూ అలవాటు లేదు, వినగా వినగా అవుతుంది. కానీ ఒకటి, యాస మీద నవ్వించొద్దు. "యాడికి పోతాండావ్" అన్నందుకే నవ్వు రాకూడదు, అన్న విషయానికి రావాలి.

రేడియో పని నుంచి ఇంకో రెండు సంగతులు. అంకెలు తక్కువ చెప్పండి. వినేవాడు వెనక్కిపోయి చదువుకోలేడు, ఒక ఎపిసోడ్లో రెండు అంకెలు గుర్తుండిపోతే అదే గొప్ప. ముగ్గురున్నారు కాబట్టి బుర్రకథ పద్ధతి చూడండి. కథకుడు తంబురాతో మధ్యలో, గుమ్మెటలు పట్టుకుని చెరో పక్క ఇద్దరు వంతలు. ఒక వంతది హాస్యం, ఇంకో వంతది రాజకీయం, అంటే చెప్తున్న కథను ఇవాళ్టి లోకంతో ముడిపెట్టి అడిగే పని. మీలో కథ ట్యూషన్ ఆమె చెప్పాలి, హాస్యం మిమిక్రీ అబ్బాయిది, "ఇది మనకెందుకు, దీనికి డబ్బులెవరిచ్చారు, రేపు దీంతో ఏం చేస్తారు" అని అడిగేది మీరు. ఇప్పుడు మీరు ఇద్దరి మధ్య నలుగుతున్నామన్నారు కదా, మీకంటూ పని లేకే ఆ నలుగుడు.

లంకమల_చుక్క (బద్వేలు):

అందరూ బాగా చెప్పారు, నేను ఒక్క విషయంలో గట్టిగా అడ్డుపడతా. ఇట్లాంటి కార్యక్రమాలు ఏవి విన్నా చివరికి ఒకే జోకు దగ్గరికి వస్తాయి, "ఈ సైంటిస్టులకు పనీపాటా లేదప్పా" అని. దయచేసి ఆ జోకు వేయకండి. ఒక్కసారి కూడా.

కారణం మా ఊరి పక్కనే ఉంది. కలివికోడి. పిట్ట చిన్నది, రాత్రిపూట మాత్రమే తిరుగుతుంది, ముళ్లపొదల మధ్య ఖాళీ నేల మీద నడుస్తుంది. 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మా లంకమల కొండల దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వచ్చి బొమ్మ చూపించి ఊరూరా అడిగితే, పట్టింది మా వైపు మామూలు మనిషి, రాత్రి టార్చి వెలుగులో. ఆ తర్వాత దాన్ని వెతకడానికి పరిశోధకులు ఏం చేశారో తెలుసా? అడవిలో అక్కడక్కడా మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, చదును చేసి, పొద్దున్నే వచ్చి వాటి మీద అడుగులు చూశారు. పొద్దుగూకినాక టేపులో దాని కూత వినిపించి, బదులు వస్తుందేమో అని చీకట్లో చెవులు రిక్కించి నిలబడ్డారు. దూరం నుంచి చూసినవాడికి అది పనిలేని పనే. పిట్ట కోసం మట్టి పరిచేవాణ్ని చూసి మా ఊళ్లో నవ్వినవాళ్లు లేరనుకోకండి. కానీ ఆ పిట్ట దొరికినందువల్లే ఆ అడవి అభయారణ్యం అయింది, తెలుగుగంగ కాలువ దారి కూడా ఆ పిట్ట కోసం మార్చాల్సి వచ్చింది.

దీని మీద నవ్వు లేదంటారా? బోలెడంత ఉంది. పేరుమోసిన పక్షిశాస్త్రవేత్తలకు ఎనభై ఆరేళ్లు దొరకని పిట్టను, దాన్ని ఎప్పటినుంచో ఎరిగిన మనిషి పట్టుకొచ్చి ఇదేనా చూడండి అంటే వాళ్ల ముఖాలు ఎట్లా ఉండి ఉంటాయి! అట్లా నవ్వండి. చేసే పనిని తక్కువ చేసి నవ్వకండి. మీ ఎపిసోడ్ వింటున్న ఏ తొమ్మిదో తరగతి పాపకో సాలెపురుగు కాలు ఎందుకు ముడుచుకుందో అడగాలనిపిస్తుంది, అదే ఎపిసోడ్లో "పనిలేనోళ్లు" అని వింటే నోరు మూసుకుంటుంది.

అనంత_ఫిజిక్స్ (అనంతపురం):

లంకమల గారూ, నూటికి నూరు శాతం. మన వైపు వార్తల గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి రెండు కలుపుతా.

ఒకటి మీ కర్నూలుదే, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చింది, జ్వాలాపురం. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద బంగాళాఖాతం దాటి, రెండు వేల కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి, జుర్రేరు లోయలో పడి పొరగా పేరుకుంది. పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ పెట్రాగ్లియా బృందం అక్కడ తవ్వితే బూడిద కింద రాతి పనిముట్లు, బూడిద పైన కూడా దాదాపు అట్లాంటి పనిముట్లే దొరికాయి. 2007లో సైన్స్ పత్రికలో వచ్చింది. అంత పెద్ద ఉత్పాతం జరిగినా ఇక్కడి మనుషులు పని ఆపలేదని వాళ్ల వాదన, ఆ మనుషులు ఎవరు, మనలాంటివాళ్లేనా అన్నదాని మీద ఇప్పటికీ చర్చ ఉంది, ఆ చర్చ కూడా చెప్పండి. మీ కేతిగాడికి పని దొరుకుతుంది: ఆకాశం నుంచి బూడిద పడుతుంటే రాయి చెక్కుతున్న మనిషి ఇంట్లోవాళ్లతో ఏమని ఉంటాడు?

రెండు, వజ్రకరూరు. తొలకరి పడగానే వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వంగి నడుస్తుంటారు కదా, ఏటా వార్తే. "ఫలానా రైతుకు వజ్రం దొరికింది" అన్నంతవరకే పేపర్లో వస్తుంది. అసలు కథ కింద ఉంది. వజ్రాలు భూమిలో 150 కిలోమీటర్ల పైన లోతులో తయారవుతాయి, కింబర్లైట్ అనే శిలాద్రవం వాటిని పైకి మోసుకొచ్చింది, వజ్రకరూరులో ఆ గొట్టాల్లాంటి కింబర్లైట్లు ఉన్నాయి, వాటి వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. వాన ఆ రాయిని తయారు చేయదు, పైమట్టిని కడిగి చూపిస్తుంది, అంతే. ఆ జనాన్ని ఆశపోతులని ఎగతాళి చేయొద్దు. పని మానుకుని, అప్పు చేసి, చెట్ల కింద పడుకుని వెతికేవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వెళ్లి పక్కన కూర్చుని వాళ్లనే మాట్లాడించండి, మట్టిలో ఏ మెరుపు గాజు, ఏ మెరుపు రాయి అని వాళ్లు చెప్పే తీరు ఏ స్క్రిప్టులోనూ రాయలేరు.

చిత్రావతి_గట్టు (ధర్మవరం):

యాగంటి గుడిలో బసవయ్య, అదే నంది విగ్రహం, పెరుగుతున్నాడనే మాట గురించి చేయమని కూడా మీకు కామెంట్లు వస్తాయి, చూస్తూ ఉండండి. నా మాట వింటే దాన్ని నవ్వుల లిస్టులో పెట్టకండి. అక్కడికి మా ఇంట్లోవాళ్లంతా వెళ్తారు, దండం పెట్టుకునే చోటు. ఎప్పుడైనా చేస్తే రాళ్ల గురించి తెలిసిన మనిషిని పిలిచి నింపాదిగా మాట్లాడించండి, కేతిగాడు ఆ రోజు సెలవు తీసుకోవచ్చు.

బురుజు_సెంటర్ (కర్నూలు):

అందరి మాటలూ ముగ్గురం కూర్చుని చదువుకున్నాం. సాలెపురుగు ఎపిసోడ్ చీపురు కట్టతో మొదలవుతుంది, "బతికించారు" అన్న మాట తీసేశాం. రేడియో గారు చెప్పినట్టు కథ ఆమె చెప్తుంది, వాడు మధ్యలో పడతాడు, డబ్బులెవరిచ్చారని నేను అడుగుతా. మాట మార్చుకోం. పనిలేనోళ్లు జోకు ఇప్పటిదాకా మేం వేయలేదు, ఇకమీదట కూడా రాదు. తొలకరి పడగానే జొన్నగిరి వెళ్లాలని అనుకున్నాం, మైకుకు గాలి చప్పుడు రాకుండా ఏం వాడాలో తెలిసినవాళ్లు చెప్పండి. కలివికోడి చేసేటప్పుడు లంకమల గారినే ఫోన్లో కలుపుకుంటాం, ఆయన ఒప్పుకుంటే. ఆవుల ఎపిసోడ్ మాత్రం ఈ ఆదివారమే.

రేడియో_కడప (కడప):

మైకు తల మీద బొచ్చు ఉన్న తొడుగు దొరుకుతుంది, అది వేయండి, స్పాంజి ఒక్కటే ఆరుబయట చాలదు. గాలికి వీపు పెట్టి నిలబడి, మైకును మాట్లాడే మనిషి గడ్డానికి జానెడు కింద పట్టుకోండి.

అనంత_ఫిజిక్స్ (అనంతపురం):

ఆవుల ఎపిసోడ్లో ఆ ప్రయోగం చేసింది ఆరు ఆవుల మీదే అని తప్పకుండా చెప్పండి. "అయితే మా బర్రెకు గీయొచ్చా" అని ఫోన్లు వస్తాయి. గీయొద్దని చెప్పక్కర్లేదు, మన జోరీగల మీద ఇంకా ఎవరైనా కొలవాలని చెప్పండి, మా కాలేజీలో జువాలజీ పిల్లలు ప్రాజెక్టు కోసం వెతుక్కుంటున్నారు.